కార్తీకానికి మా ఇంటికి, రంజానుకు వాళ్ళింటికి

మా చిన్నప్పుడు రెండిళ్ళకు కలిపి ఒకే పీట ఉండేది... కూర్చునే పీట కాదు, గ్రంథం పెట్టుకుని చదివే చెక్కపీట. విప్పితే కత్తెరలా నిలబడేది, మూస్తే పలకలా అయ్యేది. మేకు లేదు, జిగురు లేదు... ఒకే టేకు పలకను చీల్చి, ఒక సగం వేళ్ళు ఇంకో సగంలో ఇరికించినట్టు చెక్కారు.

నాయన దాన్ని వ్యాసపీఠం అనేవాడు. గోడకు అవతలి జానీ మామ రెహల్ అనేవాడు. పిల్లలం మాత్రం కత్తెర పీట అనేవాళ్ళం.

పీట జానీ మామదే. గరిడేపల్లిలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్క గోడ. కార్తీకంలో నాయన అరుగు మీద కూర్చుని పురాణం చదివేవాడు. అంత లావు పుస్తకాన్ని ఒళ్ళో మోయలేక కాళ్ళు మార్చుకుంటుంటే చూసి జానీ మామే అన్నాడట... "పటేలా, పుణ్యం సంగతి తర్వాత, ముందుగాల నీ మోకాళ్ళు ఖతమైతయి. మా పీట తెచ్చుకోరాదు."

అప్పటి నుంచి కార్తీకమంతా అది మా ఇంట్లో... తక్కిన కాలం వాళ్ళింట్లో.

ఒక ఏడు రంజానూ కార్తీకమూ ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఇప్పుడైతే దీని మీద టీవీలో చర్చ పెట్టేవాళ్ళు. అప్పుడు మా అమ్మా, జానీ మామ భార్యా గోడకు చెరోవైపు నిలబడి, చిక్కుళ్ళు ఒలుచుకుంటూ తేల్చేశారు. పొద్దంతా వాళ్ళకు, దీపం పెట్టాక మాకు.

మోసే పని మా తమ్ముడిది. అప్పటికి రెండో తరగతి. కాళ్ళూ చేతులూ కడుక్కుని, పీట నెత్తిన పెట్టుకుని, దారిలో ఎవరు పలకరించినా పలకకుండా నడిచేవాడు. అక్కడ ఖర్జూరం, ఇక్కడ అటుకుల ప్రసాదం... ఇద్దరు దేవుళ్ళ దగ్గరా కూలి తీసుకున్నవాడు మా వంశంలో వాడొక్కడే.

జానీ మామ కూతురు హసీనా నా ఈడుది. వాణ్ణి చూసి నవ్వేది. "మీ చిన్నోడు హజ్‌కు పోయొచ్చినోని లెక్క నడుస్తుండు సూడే."

జానీ మామ వాళ్ళు మిర్యాలగూడకు మారిన నాడు కార్తీకమే. పీట మా ఇంట్లో ఉంది. "ఉండనియ్ పటేలా, రంజానుకు పంపుదువు" అని వెళ్ళాడు. కొన్నేళ్ళు తమ్ముడే బస్సులో తీసుకుపోయి, మళ్ళీ తెచ్చేవాడు. పెద్దవాళ్ళు పోయాక ఆ రాకపోకలు ఆగాయి. పీట సూర్యాపేటలో తమ్ముడింట్లో ఉండిపోయింది. నేను కోదాడలో, హసీనా మిర్యాలగూడలో... ఇప్పుడు మాకు ఫోనే గోడ.

మొన్న మా కుటుంబం గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఆదివారం పొద్దున ఒక ఊరి చౌరస్తాలో వాళ్ళ గ్రంథాన్ని, జానీ మామ ఆ పీట మీద పెట్టుకుని చదివినదాన్నే, తగలబెడతారట... అందరూ కదిలి రావాలట. ఏ ఊరో రాయను, ఆ పేరు కూడా దక్కనివ్వను.

కింద మా వాళ్ళ స్పందన చూడాలి. మేనల్లుడు పిడికిలి పెట్టాడు. దోసెపిండి పులవలేదని ముందురోజే నన్ను సలహా అడిగిన మరదలు దండాలు పెట్టింది. ఒక బావగారైతే పార్కింగ్ ఎక్కడని అడిగాడు.

నేను "ఇది తప్పు" అని రాశాను. గ్రూపు మొత్తానికి ఒక్కసారే నిద్రొచ్చింది.

పంపిందెవరా అని పైకి జరిపి చూస్తే... మా తమ్ముడు.

ఫోన్ చేశాను.

"ఏందిరా అది?"

"నేను రాయలే అక్కా. నాకొచ్చింది, పంపిన."

"ఉత్తరాలు పంచెటోడు గూడ ముందు ఎవరింటికో సూస్తడురా."

"నువ్వు ప్రతిదానికి పరేషాన్ అయితవ్. ఊకె అంటరు గని, గాడ ఏం గాదు."

శనివారం బస్సెక్కి సూర్యాపేట వెళ్ళాను. తమ్ముడు ముందు గదిలో సోఫాలో ఉన్నాడు. ఎదురుగా టీపాయ్ మీద కత్తెర పీట... దాని మీద నిలబెట్టిన ఫోను. అందులో ఎవరో గొంతు చించుకుంటున్నాడు. ఏం కాల్చాలో, ఎందుకు కాల్చాలో చెబుతున్నాడు.

"మెడ గుంజుతున్నదక్కా. దీని మీద పెడితే సక్కగ కనిపిస్తది" అన్నాడు.

"ఇది ఎవరిదో యాదికున్నదారా?"

ఫోను మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు... "నాయనది గద."

దారి పొడుగునా పదును పెట్టుకుని తెచ్చిన మాటలన్నీ ఆ తగలబెట్టేవాళ్ళ మీదివి. తగలబెడతామన్నవాళ్ళు నాకెవరూ కారు, వాళ్ళను తిట్టగలను. నెత్తిన మోసినవాడు మరిచిపోయాడా, మరవదలుచుకున్నాడా... ఇన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, అడగడం చేతకాలేదు.

ఫోను తీసి వాడి చేతిలో పెట్టాను. పీట మూసి సంచిలో వేసుకున్నాను. "వదినా, తిని పోండి" అంది మరదలు. ఆకలి లేదన్నాను. వాళ్ళింట్లో నాకు ఆకలి లేకపోవడం అదే మొదటిసారి.

ఆదివారం పోలీసులు ఒప్పుకోలేదట. కాల్చడం జరగలేదు. మధ్యాహ్నానికల్లా తమ్ముడి మెసేజ్... "సూసినవా అక్కా, ఏం గాలే."

సాయంత్రం హసీనాకు ఫోన్ చేశాను. వచ్చే వారమే రంజాను నెల మొదలు.

"మీ నాయన పీట నా దగ్గరున్నదే. తెచ్చియ్యనా?"

మెల్లగా అంది... "ఇప్పుడెందుకులే సుగుణా. మనవరాలు ఆన్‌లైన్‌ల తెప్పించింది. ప్లాస్టిక్‌ది, అల్కగుంది."

ఆ తర్వాత ఎండల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఎప్పుడు ఫోన్ చేసినా "మీ చిన్నోడు ఎట్లున్నడే" అని మొదట అడిగేది. ఈసారి అడగలేదు.

పీట నా ఒళ్ళో ఉంది. ఒక సగం వేళ్ళు ఇంకో సగంలో అట్లాగే ఉన్నాయి... ఎల్లుండి మిర్యాలగూడ బస్సెక్కుతాను. తీసుకుంటుందో లేదో తెలియదు.

మీ ఇళ్ళలో కూడా పక్కింటి నుంచి వచ్చి, మీదైపోయిన వస్తువు ఏదైనా ఉందేమో చూడండి. ఎవరిదో గుర్తుంటే కింద రాయండి... గుర్తు లేకపోతే, అది కూడా రాయండి.