నా కణాలు నా మీదికే లేచిన దినం

ఒక్క మధ్యాహ్నంల నా ఉద్యోగం, నా పానం రెండూ పోయినయనుకున్న సంగతి చెప్తా. మీరు నవ్వుకోండి. నాకైతే అప్పుడు నవ్వు రాలే.

మెట్టుగూడల ఒక చిన్న ల్యాబుల కొత్తగా చేరిన. మా పని డెండ్రిటిక్ కణాలతోని. ఇవి ఒంట్ల కాపలా తిరుగుతయ్. దొరికిన క్రిమిని ముక్కలు చేసి, ఒక ముక్కను పైన తగిలించుకొని పోయి టీ కణాలకు చూపిస్తయ్. చాయ్‌తో సంబంధం లేదు, పేరే అంత. ముక్కను గుర్తుపట్టిన టీ కణం నిద్ర లేచి, తనలాంటివాటిని వేలల్ల పుట్టించి లడాయి షురూ చేస్తది.

నా నెత్తురు నుంచి తీసిన డెండ్రిటిక్ కణాలను రెండు డిష్‌లల్ల పెట్టిన. ఒకదాంట్ల క్రిమి ముక్కలు వేసిన, రెండోదాంట్ల ఏం వెయ్యలే. నా టీ కణాలను ముందే ట్యూబుల పోసి ఫ్రీజర్‌ల దాచిన. ట్యూబు తీసి రెండిట్ల కలిపిన. ఏం వెయ్యని డిష్‌ల అవి పడుకొనే ఉండాలె.

ఐదో రోజు, కిటికీలు లేని మైక్రోస్కోపు గదిల ఒక్కణ్నే కూసొని ఆ రెండో డిష్ చూసిన. డెండ్రిటిక్ కణాలు సన్నటి చేతులు చాపి ఉన్నయ్. ఒక్కోదాని చుట్టూ టీ కణాలు, చావింటి ముందు జనం లెక్క గుంపులు కట్టినయ్. ఎవర్ని చూసి లేచినయ్? బయట ఫ్రీజర్ గుర్రుమని ఆగింది. మెడ వెనక ఎవరో ఊపిరి వదిలినట్టయింది. వెనక్కి చూడకుండ ఉరికిన.

పిలిస్తే మా ల్యాబు పెద్ద మేడం వచ్చి చాలాసేపు చూసిన్రు. "నిజంగా ఏమీ వెయ్యలేదా?"

"ఒట్టు మేడం."

"కణాలన్నీ నీవేనా?"

"నావే."

"అయితే నీ ఒంటినే శత్రువనుకుంటున్నాయి నాయనా. ముందు డాక్టరుకి చూపించుకో."

బాత్‌రూమ్ అద్దం ముందు నిలబడ్డ. ముఖం నాదే. లోపల మాత్రం నాకు తెల్వకుండ నా మీదికే ఎవరో బయల్దేరిన్రు. ఒళ్లంత దురద షురూ అయింది. అమ్మకు ఫోన్ కలిపి, ఏం చెప్పాల్నో తెల్వక పెట్టేసిన.

అప్పుడే, మా ల్యాబులనే పనిచేసే రజిత, వారం సెలవు తర్వాత డ్యూటీకొచ్చి ఫ్రీజర్ దగ్గర అడిగింది. "నా టీ కణాల ట్యూబు ఏదీ? ఎడమ దిక్కు పెట్టి పోయిన."

నేను తీసింది ఎడమ దిక్కుదే. పానం నిలిచింది గని, ఇగ ఉద్యోగం పోయిందనుకున్న.

అంటే రజిత టీ కణాలను నా డెండ్రిటిక్ కణాలతోని కలిపిన. పరాయి మనిషి డెండ్రిటిక్ కణం కనపడితే టీ కణం లేవనీకి క్రిమి ముక్క సుత అక్కర్లే, ఆ మనిషే చాలు. రజిత మైక్రోస్కోపుల చూసి, నిమ్మళంగ అన్నది. "నీకు బీమారి గీమారి ఏం లేదు. నువ్వు నాకు పడవు, అంతే."

ట్యూబు మీది పేరు మూడుసార్లు పైకి చదవనిదే మూత తియ్యనని, మేడం ముందట మైక్రోస్కోపు మీద చెయ్యేసి ప్రమాణం చేసిన. రజిత సాక్షి సంతకం పెట్టింది.