శబ్దం వచ్చేదాకా

కుట్టుమిషన్లు బాగుచేసే మా వీధి మెకానిక్కుని అందరూ ‘నూనెచుక్క’ అనేవారు. ఎవరు ఏ మిషను తెచ్చినా ముందు నూనె కన్నాల్లోకి తొంగిచూసి చీవాట్లు పెట్టేవాడు.

“శబ్దం వచ్చేదాకా ఆగారా? శబ్దం వచ్చిందంటే అప్పటికే అరిగిపోయిందమ్మా. మూగగా ఉన్నప్పుడే పోయాలి నూనె.”

కుట్టు తప్పుతోందంటే, చక్రం మీద కుడి అరచెయ్యి ఆనించి ఒక్కసారి తిప్పేవాడు. తేడా ఎక్కడుందో ఆ చేతికి తెలిసిపోయేది. నేను పక్క కొట్లో గొడుగులు బాగుచేస్తాను. నోటితో పని చేసేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, అలాంటి చేతిని చూడలేదు.

ఆయన తండ్రి పక్షవాతంతో పోయాడు. అన్నగారూ అంతే. ఆయనకీ బీపీ బాగా ఎక్కువని క్లినిక్కులో నర్సు చెప్పింది.

“మీ ఇంట్లో ఉంది కాబట్టి మీకు ముప్పు ఎక్కువ. అలాగని రాసిపెట్టినట్టు కాదు. ఉప్పు తగ్గించండి, సిగరెట్ మానండి, రోజూ నడవండి. మాత్ర మాత్రం ఒక్క రోజు కూడా తప్పొద్దు.”

ఆయన తల నొప్పి పుట్టిన రోజే మాత్ర మింగేవాడు.

“రోజూ వేసుకోమన్నారు కదా నాన్నా!” అని కూతురు పోరేది.

“తల దిమ్మెక్కితే వేసుకుంటున్నాగా. ఒళ్ళు హాయిగా ఉంటే మందెందుకే?”

“మిషను తెచ్చినవాళ్ళు ఆ మాటంటే ఊరుకుంటావా?”

“మిషను మిషనే, మనిషి మనిషే. మా నాన్నదీ అన్నదీ నాదీ ఒకటే పోత. అచ్చు మార్చడానికి నువ్వొచ్చావా?” అని నవ్వి, కంచంలో ఇంకాస్త ఉప్పు చల్లుకునేవాడు.

ఒక ఉదయం చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారింది. వంగి తియ్యబోతే వేళ్ళు ముడుచుకోలేదు. మూతి ఒక పక్కకి పోయింది. నేనూ కూతురూ ఆస్పత్రికి మోసుకెళ్ళాం. ప్రాణం దక్కింది. కుడిచెయ్యీ మాటా దక్కలేదు.

ఇప్పుడు ఇంట్లో కిటికీ దగ్గర బల్ల మీద ఒక పాత మిషను పెట్టించుకున్నాడు. ఎడమచేత్తో నూనె పోస్తాడు. చుక్క కన్నంలో పడదు, పక్కన పడుతుంది. గుడ్డతో తుడిచి మళ్ళీ పోస్తాడు.

మొన్న ఆయన తమ్ముడు చూడటానికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. అదే బల్లకి రెండో చివర భోజనానికి కూర్చుని, మెకానిక్కు భార్య వడ్డిస్తే మొదటి ముద్దకే మొహం చిట్లించాడు.

“వదినా, ఉప్పు మర్చిపోయావా?”

“మర్చిపోలేదయ్యా, మానేశాం.”

“నువ్వూ బీపీ చూపించుకో బాబాయ్,” అంది కూతురు.

“చూపించుకున్నానమ్మా. ఎక్కువే అన్నారు. అయినా నాకు తలనొప్పంటే ఏంటో తెలీదు. గుండ్రాయిలా ఉన్నా!”

మెకానిక్కు గొంతు గరగరమంది. ఎడమచేత్తో నూనెడబ్బా అందుకుని తమ్ముడి కంచం వైపు తోశాడు. మళ్ళీ తోశాడు. కంచానికి తగిలి డబ్బా ఒరిగింది. ఆయన కళ్ళు నిండిపోయాయి.

తమ్ముడూ కళ్ళు తుడుచుకున్నాడు.

“చూశావా వదినా, ఇంకా పని మీదే ప్రాణం మా అన్నయ్యకి.”

డబ్బా తీసి కిటికీలో పెట్టాడు. ఉప్పుసీసా కోసం అలమర తెరిచాడు.