ఫీజు లేని జర్మన్ పాఠం

మద్రాసులో ఫీజు ఎక్కువని, అరవైల్లో బెజవాడ నుంచి కదిరి వెళ్లి జర్మన్ నేర్చుకున్న ఘనుణ్ణి నేను. జర్మనీలో ఉద్యోగం రావాలంటే భాష పరీక్ష గట్టెక్కాలి. కదిరి మిషన్ ఆసుపత్రిలో ఉన్న జర్మన్ నర్సమ్మతో బేరమాడి, ఫీజుకు బదులు ఇంటిపని చేస్తానన్నాను.

పుస్తకంలో మాటలు కూర్చోబెట్టి నేర్పింది. ఇంటిపని మాటలు మాత్రం పని చేయిస్తూ నేర్పింది. అంట్ల పాఠం నాడు రెండు కంచాలకు బిందెడు నీళ్లు కుమ్మరించాను.

వంటమనిషి మరియమ్మ పరుగున వచ్చింది. "ఏమప్పా, తట్టలకు తలంటు పోస్తాండావా? ఈడ బూడిదతో తోమి గుడ్డతో తుడుస్తాం. నీళ్లు యాడుండాయి? పో, తోడుకొని రా!"

నర్సమ్మ నా చేతికి బకెట్ ఇచ్చి, "ఐమర్" అంది. అదీ పాఠమే.

నీళ్ల పని ఇక నాదే అయింది. పరీక్ష గట్టెక్కాను. అయిన ఖర్చు: ఫీజు సున్నా, మైలు దూరపు బావి నుంచి మోసిన నీళ్లు నలభై బకెట్లు. మద్రాసే చవక.