దండు తాత గోరి

ఆ రోజుల్లో మా ఇంటి మగవాళ్ళకు పనులు తక్కువ, పూర్వీకులు ఎక్కువ. గడపలోకి ఎవరు వచ్చినా మంచినీళ్ళ కంటే ముందు దండు తాత కథ వచ్చేది. ఆయన మా పెదనాన్నకు ముత్తాత. ఏదో రాజుగారి దండులో (ఏ రాజో ఎవరూ తేల్చలేదు, చెప్పేవాడి హుషారును బట్టి మారుతుండేవాడు) గుర్రమెక్కి యుద్ధం చేసి, సముద్రపొడ్డున భూములు బహుమానంగా పొందాడని మా వాళ్ళ నమ్మకం. ఆ ఒక్క గుర్రం మీద మా వంశమంతా ఎక్కి ఊరేగుతుండేది. పెళ్ళిళ్ళలో ముందు వరస మాకు వదలకపోతే మా వాళ్ళు అన్నం ముట్టేవారు కాదు. ఉప్పెన వచ్చి ఆ భూములు ఇసక కింద పడ్డాక మేము లోపలి ఊళ్ళకు తరలిపోయాం. గోరీల దిబ్బను మాత్రం అక్కడే వదిలేశాం. చచ్చినవాళ్ళ మీద గౌరవం ఎంత ఉన్నా, వాళ్ళను చూడటానికి ఎండలో నడిచేంత లేదు.

పందొమ్మిది వందల అరవై ఒకటిలోనో రెండులోనో పెదనాన్నకు షష్టిపూర్తి వచ్చింది. దానికి వంశవృక్షం అచ్చువేయించి బంధువులందరికీ పంచాలని ఆయన సంకల్పం. నేను నెల్లూరులో బి.ఏ. హిస్టరీ ముగించి, అంత చరిత్ర తెలిసినవాడికి ఎవరూ ఉద్యోగం ఇవ్వడం లేదే అని లోకం మీద జాలిపడుతూ ఇంట్లో ఉన్నాను. "నువ్వు పొయ్యి ఆ గోరీల మీద పేర్లన్నీ రాసుకోని రా. దండు తాతది ముఖ్యం. నీ ఉద్యోగం సంగతి నేను మాట్లాడతా," అన్నారు పెదనాన్న.

ముత్తుకూరు దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి ఇసకలో నడిచాను. కాలేజీ కోసం కుట్టించుకున్న ప్యాంటు తొడుక్కున్నాను (పరిశోధకుడు పంచె కడతాడా). దిబ్బ చేరేలోగా నాగజెముడు ఆ ప్యాంటును రెండుచోట్ల పరిశోధించింది. సరుగుడు చెట్ల కింద మేకలు మేపుకుంటున్న ఒక ముసలామె నన్ను తేరిపార చూసి, "ఎవురబ్బయ్యా నువ్వు, కొలతలేసే ఆఫీసరువా?" అంది. మా పెద్దవాళ్ళ గోరీలు రాసుకోవడానికి వచ్చానవ్వా అన్నాను. "ఇన్నేళ్ళూ రానోళ్ళకి ఇప్పుడేం గుర్తుకొచ్చిందో," అని మేకలతో అన్నట్టుగా అనుకుంది.

పందొమ్మిది గోరీలు లెక్కతేలాయి. తాడుతో కొలిచాను, కొబ్బరిపీచుతో రుద్దాను, అక్షరాలు కనిపిస్తాయేమోనని సుద్దపొడి పూశాను. చాలావాటి మీద రాతే లేదు. దానికేం, చరిత్రకారుడినయ్యాక రాత లేకపోతే నేను రాయలేనా? సున్నపు దిమ్మె పొడుగ్గా ఉంటే నోటుపుస్తకంలో 'యోధుడు' అని, పొట్టిగా ఉంటే 'పండితుడు' అని రాసుకుంటూ పోయాను. మధ్యలో అన్నిటికన్నా పెద్ద గోరి ఒకటి ఉంది. దాని తలవైపు నిలిపిన రాయి నిలువునా విరిగి సగమే మిగిలింది. సుద్ద పూయగానే 'దండు' అని రెండక్షరాలు తెల్లగా తేలాయి. నాకు ఒళ్ళు పులకరించింది. గుర్రం సకిలించినట్టు కూడా వినిపించింది.

"దాని రెండో ముక్క మా దొడ్లో ఉండాది, గుడ్డలుతికేదానికి. చూస్తావా?" అంది అవ్వ.

పక్కనే వాళ్ళ పల్లె. దొడ్లో బోర్లించిన బండను ఇద్దరం తిరగేశాం. సుద్ద పూశాను. 'గమారి వాడైనా మావాడే' అని ఉంది. రెండు ముక్కలూ మనసులో కలుపుకొని చదివి, నోటుపుస్తకం మూసేశాను.

"ఏమని రాసుండాదబ్బయ్యా?"

"ఏదో శ్లోకంలే అవ్వా." చేతుల సుద్ద దులుపుకుంటూ, "ఆయనకు గుర్రం ఉండేదా?" అని అడిగాను.

"గుర్రమా? పందెం కోళ్ళుండేవంట. మా జేజి చెప్పేది. ఆ కోళ్ళ మింద వరి కయ్యలన్నీ పోగొట్టినాడు. ఆయన పెళ్ళాం కొడవలి చేతబట్టుకోని కూలోళ్ళతో పాటు కయ్యల్లో దిగి మళ్ళా అంతా నిలబెట్టింది. కొడవలమ్మ అనేవోళ్ళు. ఆయనకి గోరి కట్టి, రాయి చెక్కించింది గూడా ఆమే."

"మరి ఆమె గోరి ఏది?"

"ఆమెకెవురు కట్టినారు?" అని ఇసకలోకి చెయ్యి చూపింది. "ఆడ్నే యాడో, ఆయన కాళ్ళ పక్క."

నేను ఆ బండను జాగ్రత్తగా మళ్ళీ బోర్లించి, దాన్ని అలాగే ఉండనిమ్మని అవ్వకు చెప్పి వచ్చేశాను. పెదనాన్నకు మొదటి సగం ఒక్కటే చెప్పాను. నా ఉద్యోగం రెండో సగంలో ఇరుక్కుని ఉందని నాకు తెలుసు. ఆయన నన్ను కావలించుకుని, వంశవృక్షం మొదట్లో గుర్రం బొమ్మ కూడా వేయించారు. కొమ్మకొమ్మకూ మగవాళ్ళే. ఆ కాయితం చూసినవాళ్ళకు మా వంశంలో ఒకణ్ణొకడు కన్నారనే అనిపిస్తుంది.

షష్టిపూర్తి మర్నాడు పెదనాన్న బండ్లు కట్టించి బంధువులందరినీ దిబ్బ దగ్గరికి తీసుకుపోయారు. గజమాలంత పూలదండ తెచ్చారు. ఆయన ఉపన్యాసం గుర్రం దాకా వచ్చేసరికి అవ్వ, ఆమె వెనక రాయి నెత్తిన పెట్టుకుని ఆమె కొడుకు వచ్చారు. పెద్ద మనుషులు వచ్చారని విని, పాపం, బండను కడిగి పసుపు కూడా పూసి తెచ్చింది. "మీ సొత్తు మీకాడ ఉంటే మేలు గదా సామీ," అని మొదటి ముక్క పక్కన ఆనించి పెట్టించింది. పసుపులో అక్షరాలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చెప్పలేను.

మా పెద్దమ్మ, మొగుడి ఎదుట ఏనాడూ గొంతెత్తి ఎరగని మనిషి, ముందుకొచ్చి వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "దండు... గమారి... వాడైనా... మావాడే." ఒక క్షణం ఆలోచించి, "ఎవురో గానీ, మొగుణ్ణి బాగా ఎరిగిన మనిషే రాయించింది," అంది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పెదనాన్న నా వైపు తిరిగారు. "ఏమిరా, హిస్టరీ చదివినోడివి. అదట్నేనా?"

"పాఠాంతరం ఉండొచ్చు పెదనాన్నా," అన్నాను.

"ఆ పాఠమేందో చదివి చెప్పు," అంది పెద్దమ్మ. నేను సముద్రం వైపు చూశాను.

పెద్దమ్మ అవ్వను అడిగి అంతా తెలుసుకుంది. వీరుడి కోసం తెచ్చిన పూలదండను పెదనాన్న చేతిలోంచి తీసుకుని, అవ్వ చూపిన చోట వట్టి ఇసక మీద పరిచి దణ్ణం పెట్టింది. పెదనాన్న కాసేపు బిగుసుకుని నిలబడ్డారు. చివరికి చెప్పులు విడిచి ఆయనా వంగారు. ఆ తర్వాత ఆయన గుర్రం కథ మానేశారు, పెద్దమ్మ ఇంట్లో ఉన్నప్పుడు. నా ఉద్యోగం సంగతి ఎవరితోనూ మాట్లాడలేదు. మరుసటేడు నేనే తంటాలుపడి బడిపంతులునయ్యాను.

ఈ ముచ్చట మనవళ్ళకు చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా, రెండో ముక్కను నెత్తిన పెట్టుకొచ్చి అందరి ముందూ ధైర్యంగా చదివినవాణ్ణి నేనే. మా ఆవిడ వక్కలు కత్తిరించుకుంటూ, ఒక్క మాట అనకుండా వింటుంది.