సినిమా పేరు లేని పాట

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను బెంగళూరులో ఒక కాఫీ హోటలు మేడమీదికి తీసుకుపోయింది. టికెట్టు కొనుక్కుని వచ్చిన నలభై యాభై మంది అక్కడ నేలమీదే చాపలు వేసుకుని కూర్చున్నారు. గిటారు పట్టుకున్న ఒక పిల్ల, ఈ పాట నేనే రాసి నేనే కట్టాను అని చెప్పిందో లేదో, పాట ఇంకా మొదలుకాకముందే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం చేతులు లేవలేదు. సరిగ్గా అలాంటి మాటే ఒకప్పుడు నేను చెప్పవలసి ఉండి చెప్పలేదు, దానివల్ల మా ఇంట్లోనే ఒక మనిషికి అన్యాయం జరిగింది.

తొంభైలలో మా హిందూపురం చుట్టుపక్కల కాస్త ఉన్నవాళ్ళ పెళ్ళంటే, ముహూర్తం అయిపోయి భోజనాలకు కూర్చునే వేళకు ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. మా మేనమామకు అలాంటి ట్రూపు ఒకటి ఉండేది. మైకులు, స్పీకరు పెట్టెలు, నోరు అన్నీ ఆయనవే. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు టైపు నేర్పే నేను సెలవు పెట్టుకుని పోయి ఆడగొంతు పాటలు పాడేదాన్ని, ప్రతి పాటకూ ముందు నాలుగు మాటలు చెప్పే పని కూడా నాదే. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా చిన్నాయన కొడుకు, అంటే నాకు తమ్ముడి వరస, మగ్గం దిగి పొద్దున పాసింజరు ఎక్కి వచ్చి కీబోర్డు వాయించేవాడు. మాట తక్కువ మనిషి, పిలిస్తే తప్ప పలికేవాడు కాదు.

మా కచేరీలకు ఒక పద్ధతి ఉండేది. వినేవాళ్ళు తమకు కావలసిన పాటను చీటీ మీద రాసి పైకి పంపేవాళ్ళు, నేను ఆ పాట ఏ సినిమాలోదో, ఎవరు అడిగారో చెప్పాలి, ఆ తర్వాతే పాట. సినిమా పేరు చెప్పకుండా పాట ఎత్తుకోవడమంటే విస్తరి వేయకుండా అన్నం వడ్డించడమే. ఇప్పటివాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుందేమో గానీ, మా తరంవాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో పాట అంటే సినిమాలో పుట్టాల్సిందే.

తమ్ముడు మాత్రం ఒక పాట సొంతంగా కట్టాడు. పెనుకొండ స్టేషనులో క్రాసింగు కోసం రైలు గంటసేపు నిలిచిపోయినప్పుడు, కిటికీ పక్కన కూర్చుని కట్టుకున్నాడట. రైలు కదల్లేదని అందరూ తిట్టుకుంటూంటే, ఉడకేసిన శనక్కాయలమ్మే ఆడమనిషి మాత్రం ఇంకాసేపు నిలబడు తల్లీ అని రైలుకు దండం పెట్టుకోవడం ఆ పాట. రాగం ఎంత చక్కగా ఉండేదంటే, టైపు మిషను ముందు కూర్చున్నా నా వేళ్ళు దాని వెంటే పోయేవి. దాన్ని ఒక్కసారి జనం ముందు వాయించాలని, ఇది నాదని నలుగురికీ తెలియాలని అతనికి ఒకటే ఆశ. మామను రెండేళ్ళు బతిమాలాడు. మామ చివరికి పెనుకొండలోనే ఒక పెళ్ళిలో ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద: జనం గొణిగితే సగంలో ఆపేయాలి, మళ్ళీ జన్మలో అడగకూడదు.

ధర్మవరం మగ్గం మనిషి కట్టిన పాట అని చెబితే చాలక్కా అని తమ్ముడు ముందే నాతో అన్నాడు. నేను మైకు దగ్గరికి పోయాను. చీటీ లేకుండా పాట మొదలవుతోందని పంక్తిలోవాళ్ళు తలలెత్తి చూశారు. ముందు వరుసలో పప్పన్నం కలుపుకుంటున్న ఒక పెద్దాయన, "యా సినిమాదమ్మా ఇది?" అని గట్టిగా అడిగాడు. సొంత పాటంటే ఏం గొడవవుతుందో, మామ ఆపించేస్తాడేమో అనిపించింది. త్వరలో రాబోతున్న కొత్త సినిమాలోదండీ అనేసి పాట ఎత్తుకున్నాను.

ఇక చూడండి, ఆ ఒక్క పూటలో అదే పాట మళ్ళీ కావాలని మూడు చీటీలు వచ్చాయి. మామ ముఖం వెలిగిపోయింది. తమ్ముడు మూడుసార్లూ తల వంచుకునే వాయించాడు. తర్వాత వైర్లు చుట్టుకుంటూ, "ఎందుకక్కా అట్ల చెప్పినావు?" అని మాత్రం అడిగాడు. నీ మంచికే అన్నాను. అప్పుడు నిజంగానే అలా అనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి ఆ పాట మా చేతులు దాటిపోయింది. వేరే ట్రూపులవాళ్ళు పాడుతున్నారు, క్యాసెట్ల అంగడికి పోయి ఆ సినిమా ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. ధర్మవరంలో తమ్ముడు అది నాదిరా అంటే, పక్క మగ్గంవాళ్ళు "సినిమావోళ్ళు నీ మగ్గం గుంత కాడికొచ్చి కొనుక్కపోయినారా ఏందప్పా?" అని పడీపడీ నవ్వారట. అతను హిందూపురం వచ్చి, నువ్వు చెప్పినదాన్ని నువ్వే సరిచేయాలక్కా, నీ మాటైతే నమ్ముతారు అన్నాడు. మామ వద్దన్నా వినకుండా, రొద్దంలో ఒక పెళ్ళిలో ఉన్నదున్నట్టు చెప్పాను: ఇది సినిమా పాట కాదు, ఇదిగో ఈ కీబోర్డు వాయించే మా తమ్ముడిదే అని.

అదే పాట, అదే గొంతు, అదే రాగం. ఒక్కరూ తలెత్తలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అచ్చం అంతే. రెండో చరణం పూర్తికాకముందే ఒక చీటీ వచ్చింది, ఏదైనా మంచి సినిమా పాట పాడండి అని. మామ చెయ్యి ఊపాడు, ఆపేశాం.

ఆ తర్వాతి పెళ్ళికి తమ్ముడే నా దగ్గరికి వచ్చాడు. "సినిమా పాటే అని చెప్పక్కా. పాటన్నా బతుకుతాది" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. కానీ చెప్పాను. రెండువేల తర్వాత డీజే బాక్సులు వచ్చి మా ట్రూపు మూతపడేదాకా, అతను వెనక వాయిస్తూ ఉండగా, నేను ఆ అబద్ధాన్నే చెబుతూ వచ్చాను. అతను రెండో పాట కట్టలేదు.

ఈ మధ్య హిందూపురం ఆసుపత్రిలో వరుసలో కూర్చుని ఉంటే, పక్కన నా ఈడు ఆడమనిషి ఒకామె ఆ పాటే కూనిరాగం తీస్తోంది. అది యాడిదమ్మా అన్నాను. ఏదో సినిమాలోదిలే, ఆ సినిమా పాపం రానేలేదంది. అది మా తమ్ముడు కట్టిన పాట అని ఇన్నేళ్ళకు నోరు తెరిచి చెప్పాను. ఆమె నా వైపు జాలిగా చూసి, "ఊరుకోమ్మా, అంత బాగుండే పాట మనట్లాంటోళ్ళు యాడ కడతారు?" అంది.

ఇప్పటి పిల్లలకు తమ పాట తమదని చెప్పుకునే ధైర్యం ఉంది, వినేవాళ్ళకు నమ్మే మనసూ ఉంది, కాలం మారిందంటే ఈ విషయంలో మంచికే మారింది. మా కాలంలో జనానికే నమ్మకం లేదని నేను చాలా ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను. ఆ రోజు పెనుకొండలో ఆ పెద్దాయన పాట బాగాలేదని అనలేదు, ఎక్కడిదని అడిగాడు, అంతే. మావాడిదండీ అంటే ఏమనేవాడో నాకు తెలియదు. ఆయనకంటే ముందు నమ్మనిదాన్ని నేనే.