లైల్ టాకెట్ చొక్కా గుండీలు

లైల్ టాకెట్‌ను అప్పటికి ఆరు కాలేజీలు మెడపట్టి గెంటేశాయి. ఆరుచోట్లా ఆయన చేసిన నేరం ఒక్కటే, ఓడిపోయే అమెరికా ఫుట్‌బాల్ జట్టులో, ఎదుటివాళ్ళను ఢీకొట్టి బంతికి దారిచేసే ముందు వరస కుర్రాళ్ళకు కోచ్‌గా ఉండటం. పెద్ద కోచ్ కొలువు ఊడితే కిందున్న తొమ్మిదిమందీ మూటాముల్లె సర్దుకోవాల్సిందే. పెద్ద కోచ్‌కి ఒప్పందం ప్రకారం మిగతా ఏళ్ళ జీతం ఇంటికొస్తుంది. కిందివాళ్ళకి మాత్రం సామాన్లు సర్దుకోవడానికి అట్టపెట్టెలిస్తారు. ఇదేం న్యాయమని అడిగినవాణ్ణి నేనైతే చూళ్ళేదు.

ఏడోది కెంటకీ కొండల్లో హార్లో ఫోర్క్ కాలేజీ. లైల్ పుట్టిన బొగ్గుగని ఊరు అక్కడికి రెండు కొండల అవతల. ఆయనకు యాభై ఆరు. ఇక్కడ ఊడితే ఎనిమిదోచోట ఎవరూ పిలవరని ఆయనకూ తెలుసు, భార్య వాండాకూ తెలుసు. వాండా తుంటి ఎముక అరిగిపోయి కర్ర పట్టుకుని నడుస్తోంది. జనవరిలో ఆపరేషన్. దానికి కాలేజీ ఇచ్చే బీమాయే దిక్కు, ఉద్యోగం పోయిన నెలలోనే ఆ బీమా కూడా పోతుంది.

లైల్‌కు వచ్చిన విద్య 'గొయ్యి' అనే కసరత్తు. నిజం గొయ్యి కాదు. మంగళవారం మంగళవారం రెండు బరువైన దిండ్లు మనిషి పట్టేంత సందు వదిలి పరిచేవాడు. చెరో కొసనా ఒక కుర్రాడు. ఈల వెయ్యగానే దున్నల్లా వచ్చి ఢీకొట్టుకోవాలి. వెల్లకిలా పడ్డవాడు మళ్ళీ లేచి నిలబడాలి, రక్తం కారినా సరే. "తల ఎక్కడ పెట్టాలో చెబితే రాదురా, చూపించాలి," అంటూ ఆ వయసులో తనే హెల్మెట్ లేకుండా గోతిలోకి దిగేవాడు. ముక్కు నాలుగుసార్లు పగిలింది. ఎడమ చెవి పనిచెయ్యదు. ఒకసారి పన్ను ఊడి నోట్లో పడితే ఉమ్మేసి, మళ్ళీ ఈల వేశాడట.

రెండేళ్ళుగా చొక్కా గుండీలు పెట్టుకోవడం రావడం లేదు. గుండీ కాజా దగ్గరకు వెళ్తుంది, పక్కకు జారుతుంది. డాక్టరు చూసి, "రోగం వేళ్ళది కాదు, తలది. ఇన్నేళ్ళు కొట్టించుకున్నావు కదా," అన్నాడు. ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే వాండా పెట్టేది.

"పెళ్ళైన కొత్తలో నా గుండీలకు నువ్వు తొందరపడ్డావు. ఇప్పుడు నీ గుండీలకు నేను పడుతున్నా," అనేది.

"నోరు ముయ్యవే ముసలిదానా," అనేవాడు నవ్వుతూ.

ఆ ఏడు పది ఆటల్లో తొమ్మిది ఓడారు. మా ఊళ్ళలో కోచ్ మీద కోపమొస్తే తిట్టి ఊరుకోరు, ఊరొదిలి పొమ్మని ఇంటి ముందు 'ఇల్లు అమ్మబడును' అని బోర్డు పాతిపోతారు. పెద్ద కోచ్ గ్రేడీ మౌంట్స్ ఇంటి ముందు పదకొండు పాతారు. లైల్ వాకిట్లో ఒకటి. వాండా కర్ర ఊపుతూ పిలిచింది.

"ఏమయ్యా, నీ అభిమానులు అద్దె కొంపని కూడా అమ్మేస్తున్నారు! వాటా ఏమైనా ఇస్తారేమో కనుక్కో."

ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆవిడ, "జనవరి దాకా నిలబడవయ్యా, చాలు," అంది. ఆ మాటకు ఆయన నవ్వలేదు.

ఆఖరి ఆట శనివారం మధ్యాహ్నం, పక్క జిల్లా కాలేజీతో. వాళ్ళను ఓడిస్తే మా ఊరు మిగతా ఓటములన్నీ మర్చిపోతుంది. గెలిస్తే మౌంట్స్ ఉంటాడు, మౌంట్స్ ఉంటే అందరూ ఉంటారు. లైల్ ఆశంతా కోల్బీ రాట్లిఫ్ మీదే. గని కార్మికుడి కొడుకు, ఇరవై ఏళ్ళవాడు, తలుపంత మనిషి. గోతిలో వాణ్ణి వెల్లకిలా పడేసినవాడు లేడు.

మొదటి సగంలోనే ఇద్దరు కలిసి వాడి తలకు రెండువైపులా మోకాళ్ళతో గుద్దారు. గ్యాలరీ పై వరస దాకా వినబడింది ఆ చప్పుడు. ముక్కునుంచి రక్తం కారుతుంటే లేచి అవతలి జట్టు బెంచీ వైపు నడిచాడు. గాయాలు చూసే ట్రైనర్ జొలీన్ వాణ్ణి పట్టి కూర్చోబెట్టింది.

"ఏ నెల ఇది కోల్బీ?"

"మంగళవారం," అన్నాడు వాడు, చాలా నమ్మకంగా.

తలకు దెబ్బ తగిలినవాడు మాట వినడు, మళ్ళీ మైదానంలోకి పరిగెడతాడు. అందుకని ట్రైనర్లు ముందు హెల్మెట్ దాచేస్తారు. జొలీన్ దాన్ని ఐసుపెట్టెలో అడుగున తోసి, మూతమీద తనే కూర్చుంది.

రెండు నిమిషాల ఆట మిగిలేసరికి నాలుగు పాయింట్ల వెనక ఉన్నారు. బంతి అవతలి గీతకు మూడు గజాల దూరంలో ఉంది, దాటిస్తే ఆరు పాయింట్లు. కోల్బీ బదులు దిగిన పిల్లాణ్ణి అవతలివాళ్ళు చితక్కొడుతున్నారు, వాడి చెయ్యి వేలాడుతోంది. మౌంట్స్ వచ్చి లైల్ కాలరు పట్టుకున్నాడు.

"కోల్బీ కావాలి నాకు. వెళ్ళి ఆ హెల్మెట్ పట్రా."

లైల్ ఐసుపెట్టె దగ్గరికి వెళ్ళాడు.

"లే జొలీన్."

"లేవను కోచ్. వాడికి తన పేరే గుర్తులేదు. చంపుతారా ఏంటి?"

"లెమ్మన్నానా!"

భుజం పట్టి ఒక్క తోపు తోశాడు. ఆ పిల్ల వెళ్ళి బెంచీ ఇనుప కాలిమీద పడింది. పెదవి చిట్లి గడ్డందాకా రక్తం కారింది. ఆయన అటు చూడలేదు. ఐసులో మోచేతిదాకా దూర్చి హెల్మెట్ లాగాడు.

కోల్బీ ఎగిరి లేచాడు. "నేను వెళ్తా కోచ్, నేను వెళ్తా!" తలకు పెట్టుకున్నాడు. గడ్డం కింద పట్టీకి టిచ్ బటన్ ఉంటుంది, నొక్కాలి. వాడి వేళ్ళు దాని దగ్గరకు వెళ్ళాయి, పక్కకు జారాయి. మళ్ళీ వెళ్ళాయి, మళ్ళీ జారాయి.

లైల్‌కు అర్థమైంది. కాలేదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ జారడం ఆయనకు రోజూ పొద్దున్నే తెలిసిన జారడం. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. జనవరి గుర్తొచ్చింది. తన వంకర వేళ్ళను పిడికిలి చేసి, బటన్ మీద గట్టిగా గుద్దాడు. టక్కున పడింది.

"పోరా. తల కిందికి పెట్టి కొట్టు."

కొట్టాడు. ఎదురున్నవాడి ఛాతీ ఎముక విరిగినంత పని అయింది, ఆ సందులోంచి బంతి గీత దాటింది. గెలిచారు! జనం మైదానంమీద పడ్డారు, మౌంట్స్‌ని భుజాలకెత్తుకున్నారు. వాళ్ళ కాళ్ళ మధ్య కోల్బీ మోకాళ్ళమీద వంగి, హెల్మెట్ లోపలే కక్కుకుని, పక్కకు ఒరిగిపోయాడు.

జొలీన్ పెదవినీ, పట్టీ మీద ఆయన గుద్దునూ టీవీ కెమెరా పట్టింది. ఆదివారం పొద్దున్న ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. లైల్ చొక్కా తొడుక్కుని వాండా ముందు నిలబడ్డాడు. ఆవిడ కదల్లేదు.

"ఆ బిడ్డకి బటన్ పెట్టావుగా. నీవి నువ్వే పెట్టుకో."

"నీకోసమే చేశానే."

"నా పేరెత్తావంటే ఈ కర్రతో బుర్ర పగలగొడతా!" అని అరిచి, గోడవైపు తిరిగి ఏడ్చింది.

గుండీల్లేని చొక్కా మీద కోటు జిప్పు మెడదాకా లాక్కుని వెళ్ళాడు. మౌంట్స్ బల్లమీద అట్టపెట్టె అప్పటికే ఉంది.

"కాలేజీకి ఎవరో ఒకరు బలి కావాలి లైల్."

"మీరే తెమ్మన్నారు కోచ్."

"తెమ్మన్నాను. ఆడపిల్లని తొయ్యమన్నానా?"

"జనవరి దాకా బీమా ఉంచండి. ఇంకేం అడగను."

"అది నా చేతిలో లేదయ్యా."

లైల్ బల్లమీదుగా దూకి ఆయన నోటిమీద కొట్టాడు. రెండోది కొట్టాడు. మూడోదానికి కాపలావాళ్ళు వెనకనుంచి మెడ నొక్కి, మెట్లమీదుగా ఈడ్చి, రోడ్డుమీద పారేశారు. కోటు జిప్పు చినిగిపోయింది.

అట్నుంచే ఆసుపత్రికి నడిచాడు. కోల్బీ మెదడు పక్కన రక్తం గడ్డకట్టిందట. తల సగం గొరిగి, కట్టుకట్టి, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు.

"గెలిచామా కోచ్?"

"గెలిచాంరా."

వాడు సంతోషంగా నవ్వాడు. కాసేపు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"కోచ్, మీ గుండీలు ఊడాయి. అలా తిరిగితే మౌంట్స్ గారు తిడతారు. ఇటు రండి."

లైల్ మంచంమీదికి వంగాడు. వాడు రెండు చేతులతో చొక్కా పట్టుకున్నాడు. గుండీ కాజా దగ్గరకు వెళ్ళింది, జారింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది. నాలిక బయటపెట్టి, పట్టుదలగా, మొదటి గుండీ దగ్గరే ప్రయత్నిస్తున్నాడు. లైల్ నడుము నొప్పెడుతున్నా కదలకుండా వంగే ఉన్నాడు.

"గెలిచామా కోచ్?" అని అడిగాడు వాడు.