రెండో ఆల్బమ్‌లో ఇద్దరు అవివాహితులు

ఒక్క ఇంగ్లీషు మాటను తెలుగు చేసి, రెండు వందల మంది పెద్దమనుషులను జాతకాలతో సహా మాదాపూర్ బండరాళ్ళ మధ్యకు రప్పించిన మహానుభావుడు మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇప్పుడు పరిచయం చేస్తాను. వాణ్ణి రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తుంటాను.

తొంభైల చివరి మాట. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. పేపరు మధ్యలో మడిచి పెట్టే చిన్న పేజీల్లో శేరిలింగంపల్లి పేజీ నాది. పేజీ నాది అన్నాను కదా అని అక్కడి సంగతులన్నీ నాకు తెలుసనుకోకండి. ఆ రోజుల్లో మాదాపూర్ సగం బండరాళ్ళు, సగం అద్దాలు. బండరాళ్ళ సంగతి నాకు బాగానే తెలుసు. అద్దాల వెనక ఏం జరుగుతోందో మాత్రం ప్రెస్ నోట్లు చూసి తెలుసుకునేవాణ్ణి.

మా డెస్కుకు పెద్ద మూర్తిగారు. ఆయనకు ఒకే ఒక్క నియమం.

"ఏమయ్యా, మన పాఠకుడికి ఇంగ్లీషు రాదు. వచ్చినా మన పేపరు పట్టుకున్నప్పుడు మరిచిపోతాడు. కాపీలో ఇంగ్లీషు ముక్క కనబడిందో, చూస్కో."

నేను ఆ నియమాన్ని ఉపవాసంలా పాటించాను. అంతకు ముందు వారమే ఒక కంపెనీ ప్రారంభం గురించి "ప్రతి ఉద్యోగికీ ఒక కంప్యూటరు, ఒక ఎలుక అందజేశారు" అని రాశాను. మూడో రోజున కార్డు వచ్చింది. 'మా అబ్బాయికీ ఆ కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది. ఎలుకను ఇంటికి తెచ్చుకోవాలా, ఆఫీసులోనే ఉంచితే వాళ్ళే మేపుతారా?' మూర్తిగారు ఆ కార్డు చదివి నవ్వలేదు. "చూశావా, పాఠకుడు ఎంత శ్రద్ధగా చదువుతాడో" అన్నారు.

అలాంటి నా బల్ల మీదకు ఒక గురువారం మధ్యాహ్నం ఒక కవరు వచ్చింది. లోపల నలుగురు అమ్మాయిల ఫోటో, ఆరు లైన్ల ఇంగ్లీషు ప్రెస్ నోటు. ఆ అమ్మాయిలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. బృందం పేరు 'నాలుగు గాజులు'. గర్ల్ పాప్ గ్రూప్ అట. సెకండ్ స్టూడియో ఆల్బమ్ అట. అందులో ఎయిట్ నంబర్స్, ఇన్‌క్లూడింగ్ టూ సింగిల్స్. ఆదివారం ఉదయం పదింటికి మాదాపూర్‌లో ఒక హాల్లో విడుదల. ఆల్ ఆర్ వెల్కమ్. కింద ఒక ఫోన్ నంబరు.

ఇప్పుడు నా బుర్ర ఎలా పనిచేసిందో దయచేసి ఓపిగ్గా వినండి. 'గర్ల్' పక్కనే ఉంది కాబట్టి 'పాప్' అంటే మన పాపే, చివర అక్షరం టైపిస్టు మింగేశాడనుకున్నాను. స్టూడియో అంటే నాకు తెలిసింది ఒక్కటే, బాలానగర్‌లో మేడ మీద ఉండే ఫోటో స్టూడియో. వెనక మంచుకొండల తెర, ముందు ప్లాస్టిక్ పూలకుండీ, "గడ్డం కొంచెం కిందికి" అనే ఫోటోగ్రాఫరు. ఆల్బమ్ అంటే పెళ్ళింట్లో చేతులు మారేది, మధ్యలో పల్చటి కాగితం ఉండేది. ఇక సింగిల్ అంటే పెళ్ళికానివారని ఇంటర్లోనే చదువుకున్నాను. నంబర్స్ అంటే మనుషుల తలల లెక్క. అంతా కుదిరిపోయింది! ఎనిమిది మంది అమ్మాయిలు స్టూడియోలో ఫోటోలు దిగారు, ఇద్దరికి ఇంకా పెళ్ళి కాలేదు, ఆల్బమ్ చూడ్డానికి అందరూ రావొచ్చు. మరి కవర్లో నలుగురి ఫోటోయే ఉందేమిటని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. మిగతా నలుగురికీ ఆ రోజు సెలవు దొరికి ఉండదని సరిపెట్టుకున్నాను.

శుక్రవారం పేజీలో, ఫోటో కింద, నేను రాసింది అచ్చయింది:

'పాపల బృందం రెండో ఫోటో ఆల్బమ్ సిద్ధం. మొత్తం ఎనిమిది మంది. ఇద్దరు అవివాహితులు. ఆదివారం మాదాపూర్‌లో ఆవిష్కరణ. అందరికీ ఆహ్వానం.' కింద ఫోన్ నంబరు, ఒక్క అంకె కూడా తప్పు లేకుండా.

ఆ మధ్యాహ్నమే ఫోటోలో ఎడమవైపు నుంచున్న అమ్మాయి నా బల్ల ముందు నుంచుంది. పేరు మెర్సీ, ఆ బృందానికి నాయకురాలు. చేతిలో మా పేపరు చుట్ట చుట్టి ఉంది. ఈగను కొట్టడానికి తెచ్చిందేమో అనుకున్నాను. చూపు చూస్తే ఈగ నేనేనని అర్థమైంది.

"గీ వార్త రాసింది ఎవరు సార్?"

"నేనేనండి. బాగుందా?"

"బాగుందా? పొద్దుగాల్ల సంది మా ఇంటికి ఫోన్లే ఫోన్లు. మా అమ్మ దవాఖానల నర్సు. ఇయ్యాల డ్యూటీకి కూడ పోలే, ఫోన్ కాడనే కూసున్నది. పిల్ల ఎత్తెంత, రంగెంత, గోత్రమేందని అడుగుతున్నరు. మేం చర్చికి పొయ్యేటోళ్ళం సార్, గోత్రం యాడికెళ్ళి తేవాలె?"

"మరి ఇద్దరు సింగిల్స్ అని మీరే కదండీ..."

"సింగిల్ అంటే పాట! ముందుగాల రేడియోకి ఇచ్చే పాట! నంబర్ అంటే కూడ పాట! ఆల్బమ్ అంటే క్యాసెట్! ఒక్కటన్న కరెక్టు రాసినవా?"

"ఫోన్ నంబరు..." అన్నాను.

ఆమె కుర్చీలో కూలబడింది. అప్పుడు అసలు సంగతి చెప్పింది. వాళ్ళ మొదటి క్యాసెట్ విడుదలకు పదకొండు మంది వచ్చారట, వాచ్‌మన్‌తో కలిపి. బాలానగర్‌లో క్యాసెట్లు తయారుచేసే యూసుఫ్ భాయ్ ఈసారి ఖరాఖండిగా చెప్పేశాడు. రెండు వందల కుర్చీలు నిండితే మార్కెట్లోకి వేస్తాడు. నిండకపోతే ఒక్క డబ్బా క్యాసెట్లతో సరి, గాజులు తీసి అల్మారాలో పెట్టుకోవాల్సిందే. నలుగురూ ఏడాదిగా ఆఫీసు అయ్యాక కూర్చుని కట్టుకున్న పాటలవి.

"ఇగ పాటలు ఇనేటోడు ఎవ్వడొస్తడు సార్? ఇది పెండ్లి సంబంధాల కథ అనుకుంటరు."

"మీరేం బెంగపెట్టుకోకండి. రేపు సవరణ వేస్తాను. పెద్దది. నాలుగు పేరాలు" అన్నాను. ఆమె అనుమానంగా చూసి, "జర మంచిగ రాయి సార్. ఇద్దరు సింగిల్ అని మళ్ళ రాయకు. ఆ మాటకొస్తే మాకు నలుగురికీ పెండ్లిగాలే, గా సంగతి ఎవ్వనికీ సంబంధం లేదు" అని వెళ్ళిపోయింది.

నేను చెమటోడ్చి రాశాను. మొదటి వాక్యం, నిజాయితీ కోసం: 'శుక్రవారం నాటి వార్తలో ఇద్దరు అవివాహితులని పొరపాటున వచ్చింది. నలుగురూ అవివాహితులే.' ఆ తర్వాత మూడు పేరాల్లో అసలు మాట. ఇది ఫోటోల ఆల్బమ్ కాదు, పాటల క్యాసెట్. పెళ్ళి సంబంధాలతో దీనికి ఏ సంబంధమూ లేదు. సంగీతాభిమానులు తప్పక రావాలి. ఆఖరి పేరా చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

పత్రికాఫీసుల్లో ఒక పద్ధతి ఉంది. చివరి నిమిషంలో ప్రకటన వచ్చి చోటు చాలకపోతే వార్తను తోక దగ్గర్నుంచి కోస్తారు. అందుకే ముఖ్యమైన మాట తలలో పెట్టమని ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెబుతారు. నాకూ చెప్పారు. ఆ సాయంత్రం ఫినాయిల్ ప్రకటన ఒకటి వచ్చింది. మూర్తిగారు కత్తెర తీశారు.

శనివారం పేపర్లో సవరణ ఇలా వచ్చింది, మొదలూ తుదీ ఇంతే: 'శుక్రవారం నాటి వార్తలో ఇద్దరు అవివాహితులని పొరపాటున వచ్చింది. నలుగురూ అవివాహితులే.' దాని కిందే ఫినాయిల్ సీసా.

ఆదివారం తొమ్మిదింటికే హాలుకు వెళ్ళాను. క్షమాపణ చెప్పుకుందామని కాదు, పారిపోతే ఆఫీసుకొచ్చి మరీ పట్టుకుంటుందని. వెళ్ళేసరికి బయట స్కూటర్లు, ఆటోలు, ఒక మినీ బస్సు. లోపల పట్టు చీరలు, జరీ కండువాలు, ఒళ్ళో పొడుగాటి కవర్లు. ముగ్గురు పెళ్ళిళ్ళ పేరయ్యలు మూడు మూలలు పంచుకున్నారు. రెండు వందల కుర్చీలు నిండి, గోడ వారన కూడా జనం. యూసుఫ్ భాయ్ గుమ్మంలో నోరు తెరిచి నుంచున్నాడు.

"అరే బేటీ, ఇంత పబ్లిక్ ఎట్ల వచ్చిన్రు?" అని మెర్సీని అడిగాడు.

"ఈ సార్ పిలిచిండు చాచా," అంది ఆమె పళ్ళు బిగించి. నా చొక్కా పట్టుకుని మైకు దగ్గరికి లాక్కెళ్ళింది. "చెప్పు. నువ్వే చెప్పు. పెండ్లిచూపులు గాదని చెప్పు."

రెండు వందల జతల కళ్ళు. మైకు పట్టుకున్నాను. "అయ్యా, అమ్మా, చిన్న పొరపాటు జరిగింది..."

ముందు వరసలో ఉన్న ఒక తెల్ల మీసాల పెద్దాయన చెయ్యెత్తాడు. "మాటలు తర్వాత, బాబూ. పద్ధతి ప్రకారం కానివ్వండి. ముందు అమ్మాయిల చేత ఒక పాట పాడించండి."

"అవునండీ, పాట!" అన్నాయి పట్టు చీరలు.

నేను మెర్సీ వైపు చూశాను. మెర్సీ నా వైపు చూసింది. ఆమె ముఖంలో ఒక వెలుగు నెమ్మదిగా పాకింది. "పాటనే కదా? పాడుతం," అని మైకు లాక్కుంది.

పెళ్ళిచూపుల్లో పాట పాడమంటే తలవంచుకుని ఒక కీర్తన పాడటం చూసి ఉంటారు. డ్రమ్ములు, గిటారు, నలుగురూ ఒక్కసారి గెంతి పాడటం ఆ హాలు ఎన్నడూ చూడలేదు. మొదటి పాటకు ఒక పేరయ్య కవరు జారవిడిచాడు. రెండో పాటకు పిల్లలు లేచి ఎగిరారు. మూడో పాట ఇస్త్రీ బట్టల మీదా, ఆఫీసు బస్సు తప్పిపోవడం మీదా. అది విని పట్టు చీరలు పడీపడీ నవ్వాయి. నాలుగో పాట అయ్యేసరికి పెద్దాయన తల ఊపుతూ, "ఇంకోటి రాదా అమ్మా?" అన్నాడు. మొత్తం ఎనిమిదీ పాడించారు. సింగిల్స్ రెండూ రెండేసి సార్లు.

తర్వాత నేను ఊహించనిది జరిగింది. యూసుఫ్ భాయ్ డబ్బా విప్పగానే క్యాసెట్ల కోసం తోసుకున్నారు. పైన అట్ట మీద నలుగురి ఫోటో ఉంది కదా! "మావాడికి చూపిస్తానండి," "మా మరిదికి ఒకటి," "ఎడమ నుంచి రెండో అమ్మాయి బాగా కనపడేది ఇవ్వండి." డబ్బా ఖాళీ. యూసుఫ్ భాయ్ నా భుజం మీద చెయ్యేసి, "ఫికర్ లేదు సార్. రేపట్నించి మిషిన్ ఆగది. మూడో ఆల్బమ్‌కి కూడ మీరే రాయాలె," అన్నాడు. అందరూ అట్ట మీది ఫోటో కోసమే కొన్నారంటే, అది ఫోటో ఆల్బమేనని నేను రాసింది పూర్తిగా తప్పేం కాదని మెర్సీతో అందామనుకున్నాను. ఆమె చేతిలో చుట్టిన పేపరు ఇంకా ఉంది.

మెల్లగా జారుకుందామని తలుపు వైపు నడుస్తుంటే వెనక ఒక గొంతు వినిపించింది. నేను పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న గొంతు.

"నీ పాట భలే ఉందమ్మా. ప్రగతి నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేసరికి సగం పాటలు అయిపోయాయి. పేపర్లో ఎవరో గానీ ఎంత వివరంగా రాశారమ్మా!"

మా అమ్మ! ఒక చేతిలో క్యాసెట్, రెండో చేతిలో నా ఫోటో. బాలానగర్ స్టూడియోలో మంచుకొండల ముందు దిగిన ఫోటో.

మెర్సీ ఫోటో తీసుకుంది. చూసింది. తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

"మీ అబ్బాయి ఏం చేస్తడు ఆంటీ?"

"మావాడూ ఆ పేపర్లోనేనమ్మా, ఏ పేజీయో ఎప్పుడూ చెప్పడు. ఇంగ్లీషులోంచి తెలుగులోకి మార్చడంలో మహా దిట్ట."

"అట్లనా? మరి మీవాడికి సింగిల్ అంటే ఏందో తెల్సా?"

"తెలియకేం తల్లీ!" అంది మా అమ్మ నిట్టూరుస్తూ. "ఇరవై ఆరేళ్ళ నుంచీ అదేగా వాడు."

ఆ హాలు మధ్యలో, ఖాళీ అయిన క్యాసెట్ల డబ్బా మీద చెయ్యివేసి ఆనాడు ఒక ప్రతిజ్ఞ చేశాను. ఆల్బమ్ అన్న మాట ఎక్కడ కనబడ్డా ముందు చెవికి ఆనించుకుని వింటాను, ఆ తర్వాతే తెలుగు చేస్తాను. సింగిల్ అన్న మాటను మాత్రం బతికినంత కాలం తెలుగు చెయ్యను గాక చెయ్యను. చివరికి హోటల్లో కూడా సింగిల్ ఇడ్లీ అడగను. ప్లేటు నిండుగానే తెప్పించుకుంటాను.